తర్లకోట చదువరి
(ఉద్దానం చరిత్ర ధారావాహికలో మరో భాగం)

పలాస నుంచి బరంపురం దిక్కుగా వెళ్ళే రైలుకు మొదట తగిలే చిన్న స్టేషను సుమ్మాదేవి. ఆ తర్వాత మందస రోడ్డు. ఎడమ వైపు దూరంగా మహేంద్రగిరి వరస, కుడి వైపు సముద్రం దాకా జీడి, కొబ్బరి తోటలు. ఈ పట్టాలు పడింది 1890ల్లో. అంతకు ఎంతో ముందు నుంచే మద్రాసుకూ కలకత్తాకూ మధ్య రాకపోకలు ఈ కోస్తా దారినే సాగేవి. పూరీ యాత్రికులు, పటాలపు సిపాయిలు, ఉప్పు బండ్లు, దొరల పల్లకీలు, అన్నీ శ్రీకాకుళం, టెక్కలి, ఇచ్ఛాపురం మీదుగానే. గత భాగంలో తర్ల, మందస జమీన్ల సంగతి చెప్పుకున్నాం. ఈసారి ఆ తర్ల జమీనులోనే పుట్టిన ఒక మనిషి కథ. ఆయన చదువు కథ అనడం ఇంకా సరైన మాట.

పురుషోత్తమ చౌదరి 1803లో తర్లకోట జమీనులోని మదనపురంలో పుట్టాడు. తర్లకోట నేడు పలాస మండలంలో ఉంది. వంగదేశం నుంచి వచ్చి కళింగంలో స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబం ఆయనది. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్ర. శ్రీకూర్మం, పూరీ క్షేత్రాల మధ్య బతికిన ఇల్లని ఆ పేర్లే చెబుతాయి. తెలుగు క్రైస్తవులు ఎక్కడ ఉన్నా, కాకినాడ కానీ, నెల్లూరు కానీ, అమెరికాలో డాలస్ కానీ, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచారంటే ఈయన పాట తగలక మానదు. ఆ పాటలు పాడేవాళ్ళలో చాలామందికి ఆయన పలాస దాపున పుట్టినవాడని తెలియదు. ఉద్దానం వాళ్ళకే సరిగా తెలియదు. ఈ భాగం రాయడానికి అదొక కారణం.

రెండో కారణం నేటి ప్రశ్న. మన సంఘాల్లో యువకులు అడుగుతున్నారు, పెద్దలు లోలోపల అనుకుంటున్నారు. ఆదివారం పాస్టరు గారు వాక్యం చెబుతున్నారు, ఫోను తెరిస్తే రోజుకు పది ప్రసంగాలు వస్తున్నాయి, పాటలు ఎలాగూ నోటికి వచ్చు. ఇక రోజూ కూర్చుని బైబిలు చదవడం అవసరమా? ఇది సోమరి ప్రశ్న అని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. దీనికి ఈ నేల మీద జరిగిన చరిత్రలోనే జవాబు వెతకాలి. ఇక్కడ క్రైస్తవం మొదలైన తీరే ఒక చదువుతో ముడిపడి ఉంది మరి.

తెలుగులో బైబిలు తయారైన కథ చాలా పొడుగు. ఇక్కడికి కావలసినంత చెబుతాను. జర్మనీ నుంచి వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చుకుని 1727లో కొత్త నిబంధన, 1732లో పాత నిబంధన అనువాదం ముగించాడు. అవి రాతప్రతులుగానే మిగిలిపోయాయి, అచ్చుకెక్కలేదు. మళ్ళీ డెబ్బై ఏళ్ళకు పైగా ఎదురుచూపు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగారు. బడి పెట్టారు, తెలుగు నేర్చుకున్నారు, సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. వాళ్ళకు తోడు దొరికినవాడు ఆనందరాయరు. ఒకప్పుడు టిప్పు సుల్తాను సైన్యంలో ఒక పటాలానికి లెక్కలు రాసిన బ్రాహ్మణుడు. టిప్పు పోయాక ఒక ఇంగ్లీషు అధికారి దగ్గర అదే కొలువు చేసి, తర్వాత క్రైస్తవుడై విశాఖ చేరాడు. దొరలు తెచ్చిన అర్థానికి తెలుగు వాక్యం కూర్చడంలో ఆయన చెయ్యి చాలా ఉంది.

క్రాన్ 1809 జనవరిలో శ్రీకాకుళంలో చనిపోయాడు. మరుసటి ఏడు జులైలో డే గ్రాంజెస్ కూడా పోయాడు. విశాఖ వచ్చి అయిదేళ్ళే. చేతిరాతలో ఉన్న పని వాళ్ళతోనే పూడిపోవలసింది. అలా జరగలేదు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్లోని శ్రీరాంపురం ముద్రణాలయంలో అచ్చయ్యాయి. అదే ఏడు మార్చి 11 రాత్రి ఆ ముద్రణాలయం తగలబడింది. ఎన్నో భాషల అచ్చు అక్షరాలు కరిగిపోయాయి, అక్కడి మిషనరీ విలియం కేరీ రాసుకున్న రాతప్రతులు బూడిదయ్యాయి. అయినా కొద్ది నెలల్లోనే పని మళ్ళీ మొదలైంది. విశాఖలో ఎడ్వర్డ్ ప్రిచెట్, జాన్ గోర్డన్ అనువాదం కొనసాగించారు. 1818లో ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన మద్రాసులో పూర్తిగా అచ్చయింది.

ఇలా అచ్చయిన చిన్న పుస్తకాలు, కరపత్రాలు దొరలు పోలేని చోట్లకు పోయాయి. సంతల్లో, తిరనాళ్ళలో, రథయాత్రలో చేతులు మారాయి. కటకం దగ్గర సుందరదాసు అనే సాధువు శిష్యుల చేతికి పది ఆజ్ఞల కరపత్రం ఒకటి చేరింది. వాళ్ళు దాన్ని తమలో తాము చదువుకుని, వాదించుకుని, ఆ తర్వాతే మిషనరీలను వెతుక్కుంటూ వెళ్ళారు. ఆ గుంపులోని గంగాధర్ సారంగి అనే బ్రాహ్మణుడు 1828లో బాప్తిస్మం తీసుకున్నాడు. దానికి మూడు నెలల ముందు, 1827 క్రిస్మస్ రోజున, బరంపురంలో ఒరిస్సా బాప్తిస్టు మిషను మొదటి విశ్వాసి బాప్తిస్మం పొందాడు. ఆయన ఒడియావాడు కాదు. ఎరన్ అని రికార్డుల్లో కనిపించే తెలుగు నేతపనివాడు. బరంపురం ఇచ్ఛాపురం పొలిమేర దాటితే వచ్చే ఊరే. అప్పట్లో ఇదంతా ఒకటే గంజాం జిల్లా. ఆంధ్ర అనీ ఒరిస్సా అనీ గీత పడింది 1936లో మాత్రమే.

ఈ వాతావరణంలో పెరిగాడు చౌదరి. తెలుగు, సంస్కృతం చదువుకున్నాడు, సంగీతం తెలుసు, శాస్త్రచర్చ తెలుసు. ఆయన చేతికి తెలుగులో అచ్చయిన క్రైస్తవ పుస్తకాలు వచ్చాయి. వాటిని ఆయన పారేయనూ లేదు, వెంటనే నమ్మనూ లేదు. చదివాడు. శ్రీకాకుళంలో ఉన్న హెలెన్ నాట్ అనే ఇంగ్లీషు వనితతో పరిచయం కలిగింది, ఆమె ద్వారా మరింత చదవడానికి వీలు దొరికింది. చివరకు 1833లో కటకం వెళ్ళి బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్ళు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ముప్ఫై ఏళ్ళ మనిషి, శాస్త్రం చదివినవాడు, ఇల్లూ కులమూ ఊరూ పోగొట్టుకునే నిర్ణయం తీసుకున్నాడు. దీన్ని దొరల మాయ అనేవాళ్ళు ఉన్నారు. రాత్రికి రాత్రి జరిగిన దర్శనం అన్నట్టు చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. ఈ రెండూ ఆయన్ను చిన్నబుచ్చుతాయని నా అభిప్రాయం. ఆయన ఒక చదువరి. తన చేతిలోని పుస్తకాన్ని తాను పెరిగిన సంప్రదాయం పక్కన పెట్టి తూచుకున్నాడు. అపొస్తలుల కార్యాల 8వ అధ్యాయంలో కందాకే రాణి కోశాధికారి రథంలో కూర్చుని యెషయా ప్రవచనం పైకి చదువుకుంటూ పోతుంటాడు. ఫిలిప్పు వచ్చి అర్థమవుతోందా అని అడుగుతాడు. ఆ అధికారి ముందే చదువుతున్నాడు కాబట్టే ఫిలిప్పు అడగడానికి ఒక ప్రశ్న దొరికింది. చౌదరి విషయంలోనూ చదువు ముందు, బోధకుడు తర్వాత.

బాప్తిస్మం తర్వాత ఆయన శ్రీకాకుళం, విశాఖపట్నం దిక్కున సువార్తికుడిగా పనిచేశాడు. 1890లో కన్నుమూశాడు. దాదాపు ఎనభై ఏడేళ్ళ నిండు జీవితం. ఈ కాలంలో ఆయన రాసిన కీర్తనలు వందకు పైనే. పల్లవి, అనుపల్లవి, చరణం, రాగం, తాళం, అన్నీ మన పద్ధతిలోనే. ఇంగ్లీషు బాణీకి తెలుగు మాటలు తగిలించి పాడుతున్న కాలంలో ఇది ఎంత పెద్ద పనో సంగీతం తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. క్రీస్తు శ్రమలు, పశ్చాత్తాపం, రక్షణ, దేవుని మహిమ, ఇవన్నీ బైబిలు పుటల్లోంచి లేచి చరణాలయ్యాయి. చదువు రానివాళ్ళు కూడా ఆ చరణాల ద్వారా బైబిలును గుండెలో పెట్టుకున్నారు. నూట యాభై ఏళ్ళుగా తెలుగు సంఘాల్లో అక్షరం ముక్క రాని ముసలమ్మలు సిలువ కథంతా ఒక వరసలో చెప్పగలిగారంటే ఆ పుణ్యం కీర్తనలదే.

మరి అలాంటప్పుడు చదవడం ఎందుకు, పాట చాలదా? అడగదగ్గ మాటే. దీనికి ముందు ఇంకొక సంగతి ఒప్పుకోవాలి. ప్రతి క్రైస్తవుడూ ప్రతి ఉదయమూ తన సొంత బైబిలు తెరిచి ఒంటరిగా చదువుకోవడం అనే అలవాటు చాలా కొత్తది. అచ్చుయంత్రం వచ్చిందే 1450ల్లో. అంతకు ముందు పద్నాలుగు వందల ఏళ్ళు క్రైస్తవుల్లో అత్యధికులు బైబిలును చేత్తో తాకి ఉండరు. అచ్చు వచ్చాక కూడా కొనే స్థోమత, చదివే చదువు అందరికీ రావడానికి మరో మూడు నాలుగు వందల ఏళ్ళు పట్టింది. రోజువారీ పట్టిక ప్రకారం చదవడం ఇంకా ఇటీవలిది. స్కాట్లాండులోని డండీ ఊళ్ళో రాబర్ట్ మర్రే మెక్‌షేన్ అనే యువ పాదిరి తన సంఘం కోసం ఏడాది పట్టిక తయారుచేసింది 1842లో. ఇప్పుడు ఫోన్లలో వచ్చే ఏడాది ప్రణాళికలకు అది తాతలాంటిది. కాబట్టి రోజూ చదవనివాడు క్రైస్తవుడే కాదని ఎవరైనా అంటే, పాత కాలపు పరిశుద్ధుల్ని సగానికి పైగా బయటికి నెట్టినట్టే అవుతుంది. అలా అనడానికి నాకు మనసు రాదు.

అయితే ఆ కాలాల్లో క్రమం తప్పకుండా వినడం ఉండేది. ద్వితీయోపదేశకాండం 31వ అధ్యాయంలో ఏడేళ్ళకోసారి పర్ణశాలల పండుగలో పురుషుల్ని, స్త్రీలను, పిల్లల్ని, పరదేశుల్ని కూడా కూర్చోబెట్టి ధర్మశాస్త్రం చదివి వినిపించమని ఆజ్ఞ. నెహెమ్యా 8లో ఎజ్రా తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా చదివాడు, లేవీయులు అర్థం చెప్పారు, జనం నిలబడి విన్నారు. పౌలు పత్రికలు సంఘాల్లో పైకి చదవడానికే రాసినవి. అంటే చదవడం అనేది మొదటి నుంచీ నోటితో, చెవితో, నలుగురి మధ్య జరిగిన పని. రోమను కతోలిక సంఘం కూడా 1965లో రెండో వాటికన్ మహాసభ ద్వారా విశ్వాసులంతా లేఖనాలు తరచుగా చదవాలని గట్టిగా చెప్పింది.

మన ప్రాంతంలో ఈ పైకి చదివే సంప్రదాయాన్ని నిలబెట్టింది ఆడవాళ్ళు. 1870ల మధ్య నుంచి కెనడా బాప్తిస్టు మిషనరీలు ఉత్తర సర్కారుల్లో పని మొదలుపెట్టారు. బొబ్బిలి, పర్లాకిమిడి, శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఒక్కొక్కటే కేంద్రమైంది. వాళ్ళ దగ్గర పనిచేసిన తెలుగు స్త్రీలను బైబిలు స్త్రీలు అనేవారు. చాలామంది వితంతువులు. చంకలో పుస్తకం పెట్టుకుని వీధి వీధీ తిరిగేవారు. మగ బోధకుడు గడప తొక్కలేని ఇళ్ళలో వీళ్ళు వంటింటి దగ్గర కూర్చుని ఒక అధ్యాయం చదివి, అడిగినదానికి జవాబు చెప్పి, ఒక పాట పాడి వచ్చేవారు. వాళ్ళలో చాలామంది పేర్లు చరిత్ర పుస్తకాల్లో లేవు. దొరలు, దొరసానుల పేర్లు మాత్రం మిషను కేంద్రాల వారీగా ఉన్నాయి. తెలుగు క్రైస్తవ చరిత్ర రాసేవాళ్ళు ఈ లోటు తీర్చాలి. చదువుకు తరతరాలుగా దూరంగా ఉంచిన కులాల పిల్లలు మిషను బడుల్లో అక్షరాలు దిద్దుకుని, ఇంటికొచ్చి తల్లిదండ్రులకు సువార్త చదివి వినిపించడం కూడా ఈ కాలంలోనే. ఆ ఇళ్ళలో పుస్తకం అడుగుపెట్టడమే ఒక తిరుగుబాటు.

ఇప్పుడు పాట చాలదా అన్న ప్రశ్నకు వస్తాను. చాలదు. చౌదరి కీర్తనలంటే నాకు ప్రాణం, అయినా చాలదనే అంటాను. పాట ఎంచుకుంటుంది. పాడుకోవడానికి అనువైనదే పాటవుతుంది. బైబిల్లో 1189 అధ్యాయాలున్నాయి. వాటిలో పాటకు ఎక్కనివే ఎక్కువ.

కొన్ని చూడండి. లేవీయకాండం 19లో కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోకూడదని ఉంది. ద్వితీయోపదేశకాండం 24 ఆ రోజు కూలి ఆ రోజే, సూర్యుడు కుంకకముందే ఇవ్వమంటుంది. ఆమోసు 8లో కొలపాత్ర చిన్నది చేసి, తూనికరాయి పెద్దది చేసి బీదల్ని మోసం చేసే వ్యాపారుల మీద ప్రవక్త మండిపడతాడు. యాకోబు పత్రిక 5లో, కోత కోసినవాళ్ళకు ఎగ్గొట్టిన కూలి మొర పెడుతోందనీ, ఆ మొర దేవుని చెవిని పడిందనీ ఉంది. పలాస, కాశీబుగ్గల్లో జీడి పరిశ్రమ మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. పిక్క కొట్టే, పప్పు మీది పొట్టు తీసే పనిలో ఎక్కువమంది ఆడవాళ్ళు. కూలి తరచుగా కిలోల లెక్కన. జీడి రసానికి వేళ్ళు నల్లబడతాయి, పొక్కుతాయి. ఆ వేళ్ళు తూకం గురించి ఆమోసు అన్న మాట ఉన్న పుటను తిప్పాలి. తూకం వేసే యజమాని క్రైస్తవుడైతే ఆయన ఇంకా ముందుగా తిప్పాలి. నేను విన్న ఆదివారపు ప్రసంగాల్లో ఈ అధ్యాయాలు రావడం అరుదు. కీర్తనల్లో రావడం మరీ అరుదు. తానుగా చదివేవాళ్ళకే ఇవి ఎదురవుతాయి.

రూతు గ్రంథం నాలుగే అధ్యాయాలు. కరువులో ఊరు విడిచి వలస పోయిన కుటుంబం, పరాయి దేశంలో పోయిన మగవాళ్ళు, తిరిగొచ్చిన అత్తాకోడళ్ళు, పరిగె ఏరుకుని బతకడం. భావనపాడు, బారువ తీరంలో మత్స్యకారులు గుజరాత్ పడవల మీద పనికి పోయి నెలల తరబడి ఇల్లు చూడరు. వాళ్ళ ఇళ్ళలో ఈ నాలుగు అధ్యాయాలకు వ్యాఖ్యానం అక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరిని, జీడిని వేళ్ళతో సహా పెకలించింది. ఒక తరం పెంచిన తోట ఒక్క రాత్రిలో నేలకూలిన ఇంట్లో యోబు మాటలు, విలాపవాక్యాలు చదివినప్పుడు, దుఃఖాన్ని దేవుడి ముందు గొంతెత్తి చెప్పుకోవచ్చని, అది అవిశ్వాసం కాదని తెలుస్తుంది. అలాంటి ఇంటికొచ్చి, నీ విశ్వాసం తక్కువై ఇలా జరిగిందని చెప్పేవాళ్ళు ఉన్నారు. యోబు స్నేహితులూ అలాగే మాట్లాడారు. చివరి అధ్యాయంలో దేవుడు వాళ్ళ మీద కోపపడ్డాడు. ఆ చివరి అధ్యాయం చదవనివాళ్ళకు ఆ సంగతి ఎవరు చెబుతారు?

అన్నిటికంటే బరువైనది ఉద్దానం కిడ్నీ జబ్బు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దశాబ్దాలుగా ఈ జబ్బు ఇంటింటా మనుషుల్ని తినేస్తోంది. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఒక్కమాటగా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి, మంచినీటి పథకం వచ్చింది. డయాలసిస్ కోసం వారానికి రెండు మూడు సార్లు తిరిగే మనిషి ఆశ కోసం ఎక్కడికైనా పోతాడు. ఆ ఆశకు వల వేసే స్వస్థత కూటాలు కూడా వెలిశాయి. మందులు మానెయ్యి, నమ్ము, బాగవుతుంది అని మైకులో చెప్పడం తేలిక. ప్రాణం పోయాక ఆ మైకు ఆ ఇంటి దరిదాపులకు రాదు.

ఇక్కడ చదువు ప్రాణాలు కాపాడే పని. కొత్త నిబంధన చదివేవాడికి తెలుస్తుంది: పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు (2 కొరింథీ 12). తిమోతికి కడుపు జబ్బు ఉంది, తరచూ బలహీనపడేవాడు, పౌలు ఆయనకు తాగవలసిందేమిటో సలహా ఇచ్చాడు (1 తిమోతి 5). త్రోఫిము జబ్బు పడితే పౌలు ఆయన్ను మిలేతులో వదిలి వెళ్ళవలసి వచ్చింది (2 తిమోతి 4). పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడు (కొలొస్సీ 4). పుట్టు గుడ్డివాణ్ణి చూసి, వీడు పాపం చేశాడా వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, ఎవరూ కాదని యేసు అన్నాడు (యోహాను 9). ఈ అయిదు చోట్లు తెలిసిన ఇంటిని, మందులు మానితేనే విశ్వాసం అని ఎవరూ భయపెట్టలేరు. జబ్బు పడినవాణ్ణి పాపి అని ఎవరూ వేలెత్తి చూపలేరు. ప్రార్థన మానక్కర్లేదు, డయాలసిస్ కూడా మానక్కర్లేదు. ఈ జిల్లా క్రైస్తవ చరిత్రే అందుకు సాక్ష్యం. సోంపేటలో కెనడా బాప్తిస్టులు నడిపిన ఆరోగ్యవరం ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గలిసన్ కంటి శస్త్రచికిత్సలు చేశాడు. ఆ పనికి తోడ్పాటుగా 1963లో కెనడాలో పుట్టిన ఆపరేషన్ ఐసైట్ సంస్థ తర్వాత ఎన్నో దేశాలకు విస్తరించింది. ప్రార్థించే చేతులే కత్తి పట్టి శుక్లాలు తీశాయి.

అపొస్తలుల కార్యాలు 17లో బెరయ ఊరివాళ్ళ ప్రస్తావన ఉంది. పౌలంతటివాడు వచ్చి బోధిస్తే వాళ్ళు ఆసక్తిగా విన్నారు. ఆ తర్వాత ఇంటికి పోయి ఊరుకోలేదు. పౌలు చెప్పింది నిజమా కాదా అని ప్రతిదినం లేఖనాలు పరిశోధించారు. అందుకు లూకా వాళ్ళను తప్పుపట్టలేదు, ఘనులని మెచ్చుకున్నాడు. ప్రతిదినం చదవాలన్న మాటకు నాకు దొరికిన బలమైన ఆధారం ఇదే. పట్టికలో గడి నింపడానికి కాదు, దేవుడు లెక్క రాసుకుంటాడనీ కాదు. బోధకుణ్ణి సరిచూడడానికి. రోజూ చదివే సంఘంలో మంచి పాస్టరుకు బలం పెరుగుతుంది, వంచకుడికి చోటు దొరకదు. చదవని సంఘంలో గొంతు పెద్దదైనవాడి మాటే వాక్యమైపోతుంది.

మరి ఎలా చదవాలి? జనవరి 1న ఆదికాండం మొదలుపెట్టి, రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు అనుకుని, నిర్గమకాండం చివర గుడారపు కొలతల దగ్గర ఆగిపోయి, ఫిబ్రవరిలో సిగ్గుపడి మూసేసినవాళ్ళు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. ఆ సిగ్గు అనవసరం. ఏడాదిలో బైబిలంతా ముగించాలని ఏ లేఖనంలోనూ లేదు. సామర్థ్యం ఉన్నవాళ్ళు ముగించవచ్చు, మంచిదే. తెల్లవారుజామున లేచి నీళ్ళు పట్టి, వంట చేసి, ఎనిమిదింటికి జీడి పనికి పోయే తల్లికి అదే పట్టిక పెట్టి, చేయకపోతే ఆత్మీయంగా చల్లారిపోయావని నిందించడం అన్యాయం. ఆమెకు రాత్రి భోజనాల దగ్గర పిల్ల పైకి చదివే పది వచనాలు చాలు. అవి మరునాడు మళ్ళీ, ఆ మరునాడు మళ్ళీ ఉండాలి. చదువు రానివాళ్ళకు ఫోనులో వినిపించే బైబిలు ఉంది. 2011 జనాభా లెక్కల నాటికి శ్రీకాకుళం జిల్లాలో అక్షరాస్యత అరవై రెండు శాతం దగ్గరే ఉంది, ఆడవాళ్ళలో సగానికి కాస్త పైన. వినడాన్ని తక్కువ చేసి మాట్లాడితే వీళ్ళందరినీ గుమ్మం బయట నిలబెట్టినట్టే. ఎజ్రా చుట్టూ నిలబడినవాళ్ళూ విన్నవాళ్ళే కదా.

ఒక్క పని మాత్రం తప్పదు: ముక్కలు కాకుండా పుస్తకం పుస్తకంగా చదవడం. గోడ క్యాలెండర్ మీది వాగ్దాన వచనం, పొద్దున్నే ఫోనుకు వచ్చే పువ్వుల బొమ్మ మీది వచనం, అవి ఓదార్పునిస్తాయి, నిజమే. కానీ వాగ్దానాలు మాత్రమే ఏరి అచ్చేస్తే ఆమోసు ఎప్పటికీ క్యాలెండరెక్కడు. యాకోబు పత్రికతో మొదలుపెట్టండి. అయిదు అధ్యాయాలు, 108 వచనాలు. గట్టిగా చదివితే అరగంట కూడా పట్టదు. ఇంట్లో అందరూ కూర్చుని ఒకే రాత్రి వినవచ్చు. తర్వాత వారం రోజులు రోజుకు కొంచెం కొంచెంగా తిరిగి చదివి, ఎక్కడ మనసు గుచ్చుకుందో మాట్లాడుకోవచ్చు. దాని తర్వాత రూతు, ఆమోసు, మార్కు. ఈ నాలుగు పుస్తకాలు కలిసి ముప్ఫై నాలుగు అధ్యాయాలు. నెలా రెండు నెలల్లో ఒక ఇల్లు తాపీగా ముగించగలదు.

తర్లకోట, మదనపురం పరిసరాల సంఘాలకు ఒక మనవి. చౌదరి పేరు మీద ఏటా కీర్తనల సభలు పెడితే బాగుంటుంది. పెట్టినప్పుడు పాటలతోపాటు, ఆ కీర్తన ఏ అధ్యాయంలోంచి పుట్టిందో ఆ అధ్యాయం మొత్తం ఒక పిల్లవాడి చేత పైకి చదివించండి. ముందు చదువు, తర్వాత పాట. ఆయన రాసినప్పుడు పని జరిగిన వరస అదే.

వచ్చే భాగంలో సోంపేట ఆసుపత్రి పుట్టుక గురించీ, మంచం మీద ఉన్న రోగుల పక్కన కూర్చుని సువార్త చదివి వినిపించిన తెలుగు నర్సుల గురించీ చెప్పుకుందాం.